వాటాలేసుకున్న మందు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, విశాఖ ఫిషింగ్ హార్బరు దగ్గరి జాలరిపేటలో నేను నర్సుగా తిరిగేదాన్ని. ఆడవాళ్లు లోపల రాసుకుంటే ఎయిడ్స్ అంటకుండా ఆపుతుందేమోనని ఒక జెల్లును పరీక్షిస్తున్న రోజులవి. కొందరి ట్యూబుల్లో మందు, కొందరివాటిలో ఉత్త జెల్లు. ఏది ఎవరిదో నాకూ తెలియదు. ఏది వాడినా మొగుడి చేత నిరోధ్ వాడించమని చెప్పమనేవారు డాక్టర్లు. వేట నుంచి తాగి దిగినవాడికి ఆ మాట ఆ డాక్టర్లే చెప్పి చూడాల్సింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

ఎండుచేపలు అమ్మే ఒకావిడంటే నాకు ప్రాణం. ఆమె మొగుడు ఆ ఏడు బోటు మీద నుంచి జ్వరంతో దిగి, చిక్కి సగమయ్యాడు. రక్తపరీక్షకు రమ్మంటే కొట్టడానికి లేచేవాడు. ఆమెకు మాత్రం ఇంకా అంటలేదని మా పరీక్షలో తేలింది. ఆమెను అలాగే కాపాడుకోవాలని నా పంతం.

ఒకరోజు వెళ్లేసరికి ఆమె అరుగు మీద ఇరుగుపొరుగు ఆడవాళ్లు తమ ట్యూబులన్నీ ఒకే గంపలో పోసి పంచుకుంటున్నారు.

"ఏటే ఇది?" అన్నాను.

"ఏటున్నాది సిస్టరమ్మా! మందు కొందరికే పడతాదని నువ్వే సెప్పినావు గదా. ఒకల్కి పడి ఒకల్కి పడకపోతే ఎలాగ? బోటొచ్చినాక సేప వాటాలేసుకోమా ఏటి?" అందామె నవ్వుతూ.

నాకు ఒళ్లు మండింది. తిట్టి లాభం లేదు. గంగమ్మ ఇచ్చింది ఒక్కరే తినకూడదన్నది వాళ్ల కట్టుబాటు. ఆఫీసులో చెబితే, లెక్కంతా పాడుచేశారని డాక్టరు గంతులేశాడు. ఆయన బాధ లెక్క గురించే.

కొన్నాళ్లకే జెల్లు పరీక్ష ఆపేయమని పైనుంచి కబురొచ్చింది. మందున్న ట్యూబులు వాడినవాళ్లకే జబ్బు ఎక్కువగా అంటుతోందని అనుమానమట. మిగిలినవి వెనక్కి తీసుకుని, అందరికీ మళ్లీ రక్తం తీయమన్నారు.

సంగతి చెబుతుంటే ఆమె మొహంలో నవ్వు మెల్లగా పోయింది. లోపల మొగుడు దగ్గుతున్నాడు.

"మా ఇంటాయనకి ఒంట్లో బాగోనేదని, ఆళ్లందరూ నాకు రెండు వాటాలేసినారమ్మా," అంది.

అని చెయ్యి చాపింది. సూది పట్టుకోవాలంటే నాకు భయమేసింది.