కురుమయ్య పాఠాలకు కొత్త వెబ్‌సైట్

సర్కారు కొలువు కోసం హైదరాబాద్‌లోని అశోక్‌నగర్ వచ్చి, కొలువు రాక, ఊరికి మొహం చూపించలేక అక్కడే ఏదో పనిలో కుదురుకున్నవాళ్ల పేర్లు చెప్పడం మొదలుపెడితే నోరెండిపోతుంది. వాళ్లలో కరుణాకర్ ఒకడు. వయసు దాటేదాకా గ్రూప్స్ రాశాడు. దాటాక, తను చదువుకున్న కోచింగ్ సెంటర్‌లోనే వెబ్‌సైట్‌కి పాఠాలు ఎక్కించే పనిలో చేరాడు. సంబంధాలు చూసే పెద్దమనుషులు ఏం చేస్తావని అడిగితే "ఆన్‌లైన్ పని" అని మాట దాటేసేవాడు. తర్వాత వాళ్లు అడగడమూ మానేశారు.

అతనికి ప్రాణస్నేహితుడు కురుమయ్య. ఇద్దరిదీ మహబూబ్‌నగర్ దిక్కే. హాస్టల్లో ఒకే గది, చిక్కడపల్లి లైబ్రరీలో పక్కపక్క కుర్చీలు. కురుమయ్యకు జాగ్రఫీ అంటే పిచ్చి, అదే సెంటర్లో ఆ పాఠాలే చెప్పేవాడు. కృష్ణ ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఏ వాగు ఎక్కడ వచ్చి కలుస్తుందో పెన్సిల్‌తో పటం గీసి, దాన్ని ఫొటో తీసి, పాఠంతో పాటు వెబ్‌సైట్‌కి ఇచ్చేవాడు. కింద ఎవరైనా సందేహం అడిగితే ఓపిగ్గా జవాబు రాసేవాడు. "తమ్మీ, నాకు గూడ మొదట సమజ్ కాలె. నువ్వు పరేషాన్ కాకు, జర పటం చూస్కుంట చదువు" అని.

ఒక ఎండాకాలం ఊరికి పోతూ పోతూ బస్సులోనే గుండె ఆగి చనిపోయాడు. కూతురు భవ్యకు అప్పటికింకా అక్షరాలు రావు. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. నాన్న గుర్తొస్తే ఫోన్లో ఆ పాఠాలు తెరిచి, కింద ఆయన రాసిన జవాబులు చదువుకుంటుంది. ఆ తండ్రి మాటలు ఆ పిల్లకు మిగిలింది అక్కడొక్కచోటే.

ఆ పాత వెబ్‌సైట్ సంగతి చెప్పాలంటే, వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిన బాపతు. కట్టిన మహానుభావుడు పాఠాలన్నిటికీ ఒక్కటే విభాగం పెట్టి, దానికి కరెంట్ అఫైర్స్ అని పేరు తగిలించి పోయాడు. జాగ్రఫీ అయినా చరిత్ర అయినా అందులోనే కుక్కాలి. కుక్కినవాడు కరుణాకరే. అలవాటైపోయి ఎవరికీ తప్పనిపించలేదు.

ఒకరోజు సెంటర్ డైరెక్టర్ విద్యాసాగర్ పిలిచాడు.

"కరుణాకర్, సైట్ మొత్తం కొత్తగ చేయిద్దాం. ఏ సాఫ్ట్‌వేర్ మీద కట్టాల్నో నువ్వే సెలెక్ట్ చెయ్యి. రోజూ దాంతోని తిప్పలు పడేది నువ్వే గద."

జీవితంలో ఏ సెలక్షన్ లిస్టులోనూ పేరు చూసుకోని మనిషి. ఉబ్బిపోడా మరి!

నారాయణగూడలో వెబ్‌సైట్లు కట్టే ఆఫీసు ఒకటుంది. అక్కడ స్నేహలత అనే అమ్మాయి రెండు చూపించింది. ఒకటి వాళ్లు సొంతంగా తయారుచేసుకున్నది, రంగులతో ధగధగలాడుతోంది. రెండోది లోకమంతా వాడే వర్డ్‌ప్రెస్. కరుణాకర్ రెండింట్లోనూ కురుమయ్య రాసిన కృష్ణ పాఠం పెట్టి చూశాడు. మొదటిదాంట్లో ఒత్తులు విడిపోయాయి, పటం వచ్చి అక్షరాల మీద కూర్చుంది. రెండోదాంట్లో పాఠం, పటం, కింది జవాబులు దేని చోటున అది కుదురుగా ఉంది.

విద్యాసాగర్‌కి ధగధగలే నచ్చాయి. ఏనాడూ ఆయనకు ఎదురు చెప్పని కరుణాకర్ ఆ రోజు చెప్పాడు. "చదవరాకుంటే రంగులేం జేస్కుంటం సార్?" కురుమయ్య పేరు మాత్రం ఎత్తలేదు. చివరికి ఆయన సరేనన్నాడు. కరుణాకర్ వెంటనే భవ్యకు ఫోన్ చేశాడు.

"మీ నాయిన పాఠాలు ఇగ మంచిగ కనిపిస్తయ్ బిడ్డా. నేనే దగ్గరుండి చేయిస్తున్న."

పని నడుస్తుండగా స్నేహలత ఫోన్ చేసింది. అతను టీ బండి దగ్గర ఉన్నాడు.

"అన్నా, పాత కరెంట్ అఫైర్స్ ఎన్నేండ్లవి కొత్త సైట్లకు తేవాలె?"

అశోక్‌నగర్‌లో ఈ ప్రశ్నకు ఆలోచించేవాడు ఉండడు. పరీక్షలో అడిగేది ఏడాది లోపలివే. అంతకంటే పాత మ్యాగజైన్లు మిర్చి బజ్జీల కాగితాలకు పోతాయి. నిద్రలో లేపి అడిగినా ఎవరైనా అదే చెబుతారు.

"ఒక్క ఏడాదివి చాలు. పాత చెత్త ఎందుకు?" అన్నాడు కరుణాకర్, టీ తాగుతూ.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా! పాపం, జారిందని కూడా తెలియలేదు అతనికి.

కొత్త సైట్ తెరిచిన రోజు సెంటర్లో లడ్డూలు పంచారు. మంచిది సెలెక్ట్ చేశావని విద్యాసాగర్ అందరి ముందూ భుజం తట్టాడు. లడ్డూ నోట్లో ఉండగానే భవ్య ఫోన్.

"మామా, నాయిన పేజీ వస్తలేదు."

చూశాడు. లేదు. ఉన్నవాడు ఉన్నట్టే నారాయణగూడ పరుగెత్తాడు. స్నేహలత అంతా వెతికి మెల్లగా చెప్పింది.

"అవన్నీ కరెంట్ అఫైర్స్‌లనే ఉండె గదన్నా. ఏడాదివి చాలని మీరే అన్నరు."

"పాత సైట్ల నుంచి తియ్యరాదా?"

"కొత్త సైట్ చూసి మీ సార్ సరేనన్నంకనే పాత సర్వర్ తీసేసినం. దాచిన కాపీలల్ల గూడ మీరు చెప్పినవే ఉన్నయ్."

"నేను పెట్టి చూసిన కృష్ణ పాఠమన్న..."

"అది ట్రయల్ అన్నా. అప్పుడే తుడిచేసినం."

ఆ అమ్మాయిని ఏమనగలడు? అడిగి చేసింది. గూగుల్‌లో వెతికితే పాఠాల పేర్లు ఇంకా కనిపిస్తున్నాయి, నొక్కితే పేజీ లేదంటోంది. కరుణాకర్ కనిపించిన పేరల్లా నొక్కాడు. తర్వాత బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. ఉద్యోగం రాలేదు, పెళ్లి కాలేదు, వయసు పోయింది. వాటికి తిట్టుకోవడానికి ఎవరో ఒకరు ఉన్నారు. దీనికి తనొక్కడే. ఛీ, నా బతుకు, అనుకున్నాడు.

మళ్లీ భవ్య ఫోన్.

"దొరికిందా మామా?"

నిజం చెబుదామనే నోరు తెరిచాడు.

"కొత్త సైట్ గద బిడ్డా... ఒక్కొక్కటి ఎక్కిస్తున్నరు. జర టైం పడ్తది."

"అయితే పర్వాలె మామా. నేను రోజూ చూస్త."

అన్నట్టే ఆ పిల్ల రోజూ చూస్తోంది.