గుడ్డ మీద కూర్చునే మనిషి

ఉదయం ఐదూ నలభైకి కాశీబుగ్గ బస్టాండులో ఉప్మా తిన్నాను. అది 2001 ఫిబ్రవరి. ముందురోజు సాయంత్రం విశాఖ పాసింజరులో పలాస దిగి, స్టేషను దగ్గరి లాడ్జిలో పడుకున్నాను. దుప్పటికి కూడా జీడిపిక్కలు కాల్చిన వాసన.

నా భార్య శారద పోయి అప్పటికి ఆరు నెలలు. సముద్రాన్ని దేశాలు ఎలా పంచుకోవాలి, రేపటికి చేపలు మిగలాలంటే ఏం చేయాలి అన్నది ఆమె చదువు. ఆమె చివరి వ్యాసం పై దేశంలో ఒక పుస్తకంలో అచ్చయింది. అందులో ఒక పేరా వజ్రపుకొత్తూరు దగ్గరి పల్లె గురించి. అచ్చయ్యాక వచ్చి చదివి వినిపిస్తానని అక్కడి ఎర్రయ్యకు మాటిచ్చింది. ఆ పుస్తకం తీసుకుని నేను బయలుదేరాను.

ఆరుంపావు బస్సులో ఖాళీ గంపతో ఒక ముసలామె పక్కన కూర్చుంది. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"ఎర్రయ్య కాడికా? ఇంజను పడవలోళ్లు అంతా ఊడ్సుకుపోతన్నారు. ఆడింకా గుడ్డ మీద కూకుంతన్నాడు, ఎర్రోడు," అని నవ్వింది.

ఏడున్నరకు దిగి, కొబ్బరి తోటల్లోంచి ఇసుక దిబ్బ దాకా నడిచాను. ఎర్రయ్య అక్కడే ఉన్నాడు. నీటి రంగు చూసి చేపల గుంపును కనిపెట్టడం ఆయన పని. తెల్లగుడ్డ ఊపితే పడవ పెద్దవలను చుట్టూ వదులుతుంది, ఒడ్డున ఉన్నవాళ్లు తాళ్లు లాగుతారు. గుంపులో పిల్లచేపలుంటే గుడ్డ కింద పరిచి దాని మీద కూర్చుంటాడు. ఆ పూట వల పడదు. శారద రాసింది ఇదే. టైపు చేసింది నేనే.

ఆ రోజు ఆయన కూర్చునే ఉన్నాడు. శారద ఆయన్ని అన్నా అనేది కాబట్టి నేను బావనయ్యాను.

"రా బావా. అదుగో, పడవలో దానయ్య. మా సెల్లి తిన్నది ఆళ్లింట్లోనే."

పలకరింపుగా భుజం మీది తువ్వాలు తీసి ఊపాను. తెల్ల తువ్వాలు.

పడవ కదిలింది.

"ఓలమ్మో! ఏటి సేసినావు బావా!" ఎర్రయ్య కేకలేస్తూ పరుగెత్తాడు. కెరటాల హోరులో ఎవరికీ వినబడలేదు. ఆయన ఒడ్డు చేరేసరికి వల పడిపోయింది.

గంటన్నర లాగారు. మోకాటిలోతు నీళ్లలో వల చివరనున్న సంచి మెరిసింది. అన్నీ వేలెడంత చేపలు.

"ఒగ్గేయండి," అన్నాడు ఎర్రయ్య.

"మనం ఒగ్గేత్తే ఇంజనోళ్లు ఒగ్గరు మావా. మూడ్రోజులై వల తడవనేదు," అన్నాడు దానయ్య. తాడు ఎవరూ వదల్లేదు.

ఎర్రయ్య నా వైపు తిరిగాడు. "మా సెల్లి ఏటి రాసిందో సదువు బావా."

పుస్తకం తెరిచి తెలుగులో చెప్పాను. ఈ పల్లెవాళ్లు పిల్లచేపను ఒడ్డుకు తేరు.

దానయ్య తాడు వదిలి సంచి దగ్గరికి వచ్చాడు. "ఆయమ్మ రాసింది అబద్ధం సేసేత్తామేటి?" అంటూ సంచి మూతి విప్పాడు. చేపలు వెళ్లిపోయాయి.

మధ్యాహ్నం దానయ్య ఇంట్లో ఎండుచేపల కూరతో అన్నం పెట్టారు. మూడు గంటల బస్సు దగ్గర ఎర్రయ్య చేయి చాపాడు. "ఆ తువ్వాలు ఒగ్గీసి పో. నీ కాడుంటే మల్లీ ఊపేత్తావు."

ఇచ్చాను. సాయంత్రం పాసింజరులో భుజం మీద ఏమీ లేకుండా కూర్చుని, శారద మాట ఆ పూటకు నిలబడిందనుకున్నాను.

ఎర్రయ్య పోయి మూడేళ్లయింది. ఆ పల్లెలో ఇప్పుడు పెద్దవల వేయడం లేదు.