గుమ్మం పైన మసి చెయ్యి

ఇదివరకు ఆమె లేస్తూనే కాలవ గట్టున ఉన్న నూలు మిల్లు పొగగొట్టం వంక చూసేది. పొగ కాలవ వైపు వాలితే బట్టలు దొడ్లో ఆరేసేది, వీధి వైపు మళ్ళితే వసారాలో. ఇప్పుడు పొగ లేదు. మిల్లు మూతపడి రెండేళ్ళు, భర్త పోయి మూడు నెలలు. అయినా తడి బట్ట చేతిలో ఉంటే తల అటే లేస్తుంది.

పడవల్లో వచ్చే బొగ్గును ఆయన ముప్పై ఏళ్ళు బాయిలరులోకి ఎత్తిపోశాడు. కూతురి పెళ్ళిచూపుల్లో ఆమె మాత్రం, "ఆఫీసులో పనండీ" అంది. పక్క గదిలోంచి ఆయన విన్నాడు. ఆనాటి నుంచి వియ్యాలవారు వస్తే చేతులు ఒళ్ళో దాచుకుని కూర్చునేవాడు. తలుపుల మీద ఆయన చేతి మసిని ఆమె రోజూ తుడిచేసేది. దొడ్డి గుమ్మం పైకమ్మి మీద, వంగి వచ్చేటప్పుడు ఆయన ఆనించిన చేతి మసి ఒక్కటే ఆమెకు అందక మిగిలిపోయింది.

మొన్న వియ్యపురాలు వచ్చి ఉంది. ఆవిడ కంట పడకముందే దాన్నీ తుడుద్దామని స్టూలు వేసి, గుడ్డ తడిపింది. ఇంతలో ఆయనతో పనిచేసిన మేస్త్రీ కాగితం పట్టుకుని వచ్చాడు. మిల్లు చరిత్ర రాసి గేటు దగ్గర బోర్డు పెడతారట, పనివాళ్ళ పేర్లతో సహా.

"బావ పేరు బాయిలరు వాళ్ళలోనే కదా, చెల్లెమ్మా?"

ఆమె లోపలున్న వియ్యపురాలి వైపు చూసింది. మేస్త్రీ తన ధోరణిలో తాను నవ్వాడు.

"ఎంత మొండి మనిషో. బొగ్గు ఒక్కసారే కుమ్మరిస్తే కాసేపు కూర్చోవచ్చు, కానీ నల్లపొగ లేస్తుంది. మధ్యాహ్నం దాకా కొంచెం కొంచెమే వేసేవాడు. నడుం పడిపోద్ది బావా అంటే, 'మీ చెల్లెలి బట్టలు ఆరనీరా' అనేవాడు. ఆ పుణ్యాన వీధి వీధంతా ఆరేసుకుంది."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళూ బట్టలకు మసి అంటకపోవడం గాలి చలవే అనుకుంది.

"బాయిలరులోనే, అన్నయ్యా. రాయండి," అంది. వియ్యపురాలి మొహం చూడలేక నేలకేసి చూస్తూ, "ఆఫీసని నేనే అబద్ధం చెప్పాను, వదినగారూ."

"పెళ్ళినాడే తెలుసులెండి," అంది వియ్యపురాలు మెల్లగా. "ఆ గోళ్ళు చూడలేదా? మీరు చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాం."

అంటే ఆ అబద్ధం ఎవరికీ అక్కరకు రాలేదు. ఆయన చేతులు దాచుకున్నదే మిగిలింది.

మేస్త్రీ వెళ్ళాక ఆమె దొడ్లోకి వచ్చింది. గుడ్డ పిండి తీగ మీద వేసింది. స్టూలు తీసి లోపల పెట్టేసింది.