పోయిన శనివారం గెలిచామా?

మా రగ్బీ క్లబ్బు డాక్టర్ ఆంబ్రోస్ టిండల్‌కి ఒకటే జబ్బు. ఎదురుపడ్డ ప్రతి మనిషినీ తలకి దెబ్బ తగిలినవాడి కింద జమకట్టి ప్రశ్నలు వేసేవాడు.

మా ఊరు మార్‌బెక్‌లో మాంసం కొట్టుకి వెళ్ళి సాసేజీలు అడిగేవాడు. కొట్టాయన తూచేలోపు మొదలుపెట్టేవాడు.

"ఇప్పుడు మనం ఎక్కడున్నాం?"

"నా కొట్లో."

"ఇవాళ ఏం వారం?"

"సాసేజీలు కావాలా వద్దా డాక్టరు గారూ?"

"చిరాకు పడుతున్నాడు," అని గొణుక్కుంటూ నీలం అట్ట పుస్తకంలో రాసుకునేవాడు. మా క్లబ్బు పాత అధ్యక్షుడు పోయినప్పుడు, సమాధి దగ్గర పాస్టరు గారు ఒకే వాక్యం రెండుసార్లు చదివారు. డాక్టరు గబగబా ముందుకెళ్ళి, ఆయన ముఖం ముందు మూడు వేళ్ళు ఆడించి ఎన్ని అని అడిగాడు. పాస్టరు గారు పాపం, మూడని చెప్పాకే ప్రార్థన ముందుకి సాగింది.

"ఎందుకండీ జనాన్నిలా చంపుకుతింటారు?" అని ఒకసారి అడిగాను.

"మనిషి బాగున్నప్పుడు జవాబెలా చెబుతాడో తెలిస్తేనే కదా నార్మన్, బాగాలేనప్పుడు కనిపెట్టగలిగేది," అన్నాడు. అని ఊరుకున్నాడా, "ఇంతకీ పొద్దున్న ఏం తిన్నావు?" అన్నాడు.

నార్మన్ అంటే నేనే. మార్‌బెక్ రగ్బీ క్లబ్బులో ముప్పై ఒక్క ఏళ్ళు జెర్సీలు ఉతికాను, మణికట్లకి పట్టీలు చుట్టాను, మ్యాచ్‌ల్లో నీళ్ళ సీసాలు మోశాను. అందుకే ఆ దరిద్రపు సీజన్ని అందరికంటే దగ్గర్నుంచి చూశాను. కావాలని చూశానని మాత్రం అనుకోకండి.

ఆటలో తలకి దెబ్బ తగిలితే డాక్టరు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఇది ఏ మైదానం? చివరిగా పాయింట్లు కొట్టిందెవరు? పోయిన శనివారం గెలిచామా? తప్పు చెప్పినవాడు బయటికి రావలసిందే. దాని మీద కోచ్ నోరెత్తడానికి లేదు. డాక్టరు మాటే ఆఖరు.

ఆ ఏడాది రెండో డివిజన్లో సెప్టెంబరు నుంచి క్రిస్మస్ దాకా పదకొండు మ్యాచ్‌లు ఆడి పదకొండూ ఓడాం. దాంతో ఆ ప్రశ్నలు ఎందుకూ కొరగాకుండా పోయాయి. నవంబరు వానలో బారీ అవుట్‌వెయిట్ అనే మా ఆరున్నర అడుగుల మనిషి బురదలో వెల్లకిలా పడి కళ్ళు తేలేశాడు. డాక్టరు వంగి అడిగాడు.

"పోయిన శనివారం గెలిచామా?"

"లేదు."

"చివరిగా పాయింట్లు కొట్టిందెవరు?"

"వాళ్ళే."

వంకపెట్టడానికి లేని జవాబులు. బారీ లేచాడు, నిక్కరు దులుపుకున్నాడు, తిన్నగా వెళ్ళి అవతలి జట్టు వరసలో నిలబడ్డాడు.

ఆ రోజుతో డాక్టరుకి జ్ఞానోదయమైంది. ఎవరి ప్రశ్నలు వాళ్ళకే ఉండాలన్నాడు. వారమంతా ఆటగాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. మీ తలుపు రంగేమిటి, మీ కుక్క పేరేమిటి, పెళ్ళి ఏ ఊళ్ళో అయింది అని అడిగి అన్నీ నీలం పుస్తకంలో ఎక్కించుకునేవాడు. ఇంట్లో సామాను లెక్కపెట్టుకుపోతున్నాడని ఆడవాళ్ళు తలుపులేసుకునేవారు. తర్వాతి దెబ్బకి బారీని వాళ్ళ అత్తగారి పేరు అడిగితే, వాడొక మాటన్నాడు. ఆ మాట ఇక్కడ రాయను.

"అది ఆవిడ పేరా?"

"నేను పిలిచేది అదే."

డాక్టరు పుస్తకం తిరగేశాడు. బారీ బాగున్నప్పుడు చెప్పింది కూడా అదే. ఒప్పు అని టిక్కు పెట్టి ఆటకి పంపేశాడు.

అరవై రెండు–మూడుతో చిత్తుగా ఓడిన రోజున మా కోచ్ ఇయాన్‌నీ వదల్లేదు. "పోయినవారం ఎవరితో ఆడాం?" అన్నాడు. "గుర్తులేదు, గుర్తుచెయ్యకండి," అన్నాడు ఇయాన్. అంతే, కంబళి కప్పి ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాడు. ఆ సీజన్లో ఇయాన్ సుఖపడింది ఆ ఇరవై నిమిషాలేనేమో.

జనవరి వచ్చేసరికి నవ్వడానికి ఏమీ మిగల్లేదు. మైదానం గడ్డకట్టింది. స్టాండులో జనం పల్చబడ్డారు. ఊళ్ళో ఉన్ని మిల్లు ఎప్పుడో మూతపడింది, ఇక చెప్పుకోవడానికి ఉన్నది ఈ జట్టొక్కటే. అట్టడుగున మిగిలితే కింది డివిజన్‌కి పోతామనీ, అలా పోతే జీతగాళ్ళెవరినీ ఉంచుకోలేమనీ క్లబ్బు నోటీసు అంటించింది.

మా కెప్టెన్ కార్ల్ హెబ్డెన్‌కి ముప్పై నాలుగేళ్ళు. గీత దాటిన బంతిని తిరిగి రెండు వరసల నడుమకి తిన్నగా విసిరే పని అతనిది. ఆ విసురు వంకర పోయిందా, బంతి అవతలివాళ్ళదే. పదేళ్ళలో అతని చేతి బంతి వంకర పోవడం నేను చూడలేదు. అలాంటివాడు ఫిబ్రవరిలో ప్రాక్టీసయ్యాక కారులో టోపీ కళ్ళ మీదకి లాక్కుని అరగంట కూర్చునేవాడు. వెలుతురు పడటం లేదన్నాడు. ఒకరోజు నా గదికి వచ్చి, ఎందుకొచ్చాడో మర్చిపోయి, మడత పెట్టిన జెర్సీల వంక చూస్తూ నిలబడిపోయాడు.

"డాక్టరుకి చెప్పరా," అన్నాను.

"చెబితే ఇక ఆటకి దించడు. ఒక్క ఏడాది నార్మన్. ఇంట్లో రెండో పాప వస్తోంది. ఈ ఒక్క ఏడాది గట్టెక్కించు."

గట్టెక్కించడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. డాక్టరు పుస్తకం శుక్రవారం సాయంత్రం మందుల గదిలో బల్ల మీద ఉండేది. అందులో కార్ల్ పేజీ చూసి, జవాబులు అతని మణికట్టు పట్టీ మీద సన్నగా రాశాను. తప్పని తెలుసు. కార్ల్ అంటే నాకు ఇష్టం, జట్టు నిలబడాలని ఆశ. రెండూ కలిసి నా బుర్రని మూలకి నెట్టేశాయి. మూడుసార్లు దెబ్బ తిని మూడుసార్లూ కార్ల్ పాసయ్యాడు. డాక్టరు అతని ముఖంలోకి చాలాసేపు చూసి టిక్కు పెట్టేవాడు.

ఎలాగో నాలుగు మ్యాచ్‌లు గెలిచి ఆఖరి శనివారం దాకా ప్రాణాలతో వచ్చాం. గెలిస్తే ఉంటాం, ఓడితే పోతాం. ఇంకా ఆరు నిమిషాలుందనగా పదహారు–పద్నాలుగుతో మేమే ముందున్నాం. అప్పుడు కార్ల్ బంతితో వస్తున్న అవతలివాణ్ణి పడగొట్టబోతే వాడి మోకాలు చెవి మీద తగిలింది. పడి లేచాడు. డాక్టరు పరిగెత్తాడు, వెనక సీసాతో నేను.

"మీ తలుపు రంగు?"

"ఆకుపచ్చ."

"పెళ్ళెక్కడైంది?"

"విట్బీ." చెబుతూ మణికట్టు వంక చూశాడు.

డాక్టరు పుస్తకం మూసేశాడు.

"ఇంట్లో పిల్లలెంతమంది కార్ల్?"

"ఒక్కతే. మాలీ."

పాప బెస్ పుట్టి ఏడు వారాలైంది. పుట్టిన మూడో రోజున దాన్ని బట్టలు మార్చుకునే గదికి తీసుకొచ్చి, మా అందరి చేతుల్లో పెట్టి మురిసిపోయిన తండ్రి అతనే.

డాక్టరు కార్ల్ చేతి పట్టీ మెల్లగా ఊడదీసి, చదివి, కోటు జేబులో పెట్టుకున్నాడు. ఒక్కసారి నా వంక చూశాడు. తర్వాత రిఫరీకి చెయ్యెత్తి, కార్ల్ భుజం చుట్టూ చెయ్యి వేసి బయటికి నడిపించాడు. కార్ల్ తిడుతూనే ఉన్నాడు.

అతని బదులు దిగిన డీన్ ప్రాణం పెట్టి ఆడాడు గానీ, బంతి వంకరగా విసిరాడు. బంతి వాళ్ళకి పోయింది. ఆ తోపులాటలో మా తప్పొకటి దొరికింది, మూడు పాయింట్లు కొట్టారు. పదిహేడు–పదహారు. పోయాం.

"ఏ ప్రశ్న తప్పాడు?" ఇయాన్ అడ్డం వచ్చాడు.

"ప్రశ్న కాదు. అతని కళ్ళు నాకు నచ్చలేదు."

"కళ్ళు నచ్చక జట్టుని ముంచావా ముసలాయనా?"

డాక్టరు టోపీ సర్దుకున్నాడు. ఎవరో స్టాండులోంచి ఆయన మీద బీరు పోశారు. ఆ వారం మాంసం కొట్టాయన సాసేజీలు లేవన్నాడు, అద్దం వెనక దండలు దండలుగా వేలాడుతుండగానే. డాక్టరు అందరికీ అదే చెప్పాడు, కళ్ళు నచ్చలేదని. నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు విప్పితే నా పట్టీ సంగతి బయటపడుతుంది. నోరు మూసుకున్నాను. నా బతుకులో నేను గర్వపడని వారం అది.

ఆ తర్వాతి ఆదివారం సీజన్ ముగింపు భోజనం. డాక్టరు ఎప్పటిలాగే వచ్చి బారులో ఒంటరిగా కూర్చున్నాడు. కౌంటరు వెనక కీత్ ఆయన్ని చూడనట్టు ఒకే గ్లాసుని పది నిమిషాలు తుడిచాడు. అప్పుడు కార్ల్ భార్య జోవాన్ పాపని ఎత్తుకుని లోపలికి వచ్చింది. తిన్నగా డాక్టరు బల్ల దగ్గరికి వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"కార్ల్‌ని మీరేం అడిగారు?"

"కళ్ళు..."

"కళ్ళ సంగతి ఊరికి చెప్పుకోండి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఉయ్యాల్లో ఎవరి పాప అని నన్నడిగాడు. ఆస్పత్రికి తీసుకెళ్తే, ఇంకొక్క దెబ్బ తగిలుంటే మనిషి దక్కేవాడు కాదన్నారు. ఇక ఆడకూడదట. ఇప్పుడు తెరలు వేసుకుని పడుకున్నాడు. పాప పేరు గుర్తొచ్చింది. కానీ మైదానంలో మర్చిపోయాడని తెలిస్తే కుమిలిపోతాడు. అందుకే కదా మీరు తిట్లు తింటున్నది?"

నాకిక కూర్చోవడం చేతకాలేదు. లేచాను. జవాబులు పట్టీ మీద రాసింది నేనేనని అందరి ముందూ చెప్పాను. బారీ నా వంక ఎలా చూశాడో ఇప్పటికీ మర్చిపోలేదు. నాకు తగిన చూపే అది.

డాక్టరు కంగారుపడ్డాడు. అబద్ధమాడటం రాని మనిషి, చెవులు ఎర్రబడ్డాయి.

"నార్మన్‌కి మతి తప్పింది. పాప గురించి నేనసలు అడగలేదమ్మా. ప్రధానమంత్రి పేరడిగాను. కార్ల్ చెప్పలేకపోయాడు. అంతే."

జోవాన్ పాపని భుజం మార్చుకుంది.

"డాక్టరు గారూ, అది మా ఆయనకి మామూలు రోజుల్లో కూడా తెలీదు."

ముందు బారీ నవ్వాడు. తర్వాత ఇయాన్. సెప్టెంబరు తర్వాత ఆ గదిలో అందరూ కలిసి నవ్వడం అదే. కీత్ గ్లాసు తుడవడం ఆపి, నిండా నింపి తెచ్చి డాక్టరు ముందు పెట్టాడు. జోవాన్ పాపని ఆయన ఒళ్ళో పడుకోబెట్టి, "కదలకండి, నేను భోంచేసి వస్తాను," అని వెళ్ళింది.

డాక్టరు నిజంగానే కదల్లేదు. బీరు ముట్టుకోవడానికి కూడా. జోవాన్ తాపీగా కూర్చుని, వేడివేడిగా, రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నది. బెస్ పుట్టాక చల్లారని భోజనం తినడం అదే మొదటిసారని తర్వాత నాతో చెప్పింది.