రాజవ్వ కట్టిన కట్ట

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను నేను మొహం మీదే ఆటపట్టిస్తాను. ఇరవై ఏళ్లుగా ఆపరేషన్ థియేటర్లో నర్సును. చావును దగ్గరగా చూశాను కానీ, చచ్చినవాళ్లు తిరిగిరావడం ఒక్కసారీ చూడలేదు. అందుకే ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

అప్పుడు మంచిర్యాల వైపు ఒక చిన్న ఆసుపత్రిలో ఉన్నాను. ఒక మధ్యాహ్నం, చెన్నూరు దగ్గర ట్రాక్టర్ బోల్తాపడి ఇరవై రెండేళ్ల సురేశ్‌ను తెచ్చారు. కడుపు ఉబ్బి గట్టిపడింది, నాడి అందడం లేదు. కరీంనగర్ పంపితే దారిలోనే పోతాడని సర్జన్ అక్కడే కడుపు తెరిచారు.

రక్తం అద్దడానికి లోపల గుడ్డలు పెడతారు. అవి ఐదేసి చొప్పున కట్టలు కట్టి, ఆవిరిలో శుద్ధి చేసి ఉంటాయి. కట్ట విప్పగానే లెక్కపెట్టి బోర్డు మీద రాయాలి. కుట్లు వేసేముందు అన్నీ బయటికి రావాలి. ఒక్కటి లోపల ఉండిపోయినా చీము పట్టి మనిషి పోవచ్చు. ఆ లెక్క నా పని.

కట్టలు కట్టింది మా ఆయమ్మ రాజవ్వ. దారం పంటితో కొరికి రెండు ముళ్లు వేసేది. ఆమె లెక్క తప్పదని ఎంత నమ్మకమంటే, ఆమె కట్టను నేను లెక్కపెట్టడమే మానేశాను. ఆమె పోయి అప్పటికి పదకొండు రోజులు. ఆమె కట్టలు ఇంకా మిగిలి ఉన్నాయి.

ఆ రోజు వాటిలో నాలుగు కట్టలు విప్పాను. ఇరవై అని రాశాను. ఇరవై బయటికొచ్చాయి. సర్జన్ సూది అందుకున్నారు.

అప్పుడే ఎవరో తలుపు బాదారు. చిరాగ్గా తీశాను. సురేశ్ వాళ్లమ్మ.

“మేడం, గా ముసలవ్వ మీకు జెప్పమన్నది. ఒక కట్టల ఆరున్నయట. మల్ల సూడుమన్నది.”

ఏ అవ్వ అని అడిగాను.

“గీడనే కూసున్నది. పండ్లతోని దారం కొరుక్కుంట.”

తల బయటికి పెట్టి చూశాను. తలుపు పక్కనున్న బెంచీ ఖాళీగా ఉంది.

కుట్లు ఆపమని సర్జన్‌ను బతిమాలాను. లెక్క సరిపోయింది కదా అని విసుక్కుంటూనే ఆయన మళ్లీ లోపల వెతికారు. చాలాసేపటికి, పేగుల వెనకనుంచి రక్తంలో తడిసిన గుడ్డ ఒకటి లాగారు. ఇరవై ఒకటోది.

సురేశ్ బతికాడు. వాళ్లమ్మను తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఆమె రాజవ్వను ఎన్నడూ చూడలేదు. కట్ట అంటే ఏమిటో కూడా ఆమెకు తెలియదు.

చివరి రోజుల్లో రాజవ్వకు చూపు ఆనలేదని, ఆ సంగతి ఆసుపత్రిలో దాచిందని ఆమె కోడలు చెప్పింది. తప్పు కట్టింది ఆమె. లెక్కపెట్టనిది నేను.

దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. బెంచీ మీద కూర్చున్నదెవరో కూడా చెప్పలేను. ఇప్పుడు ప్రతి కట్టా విప్పి, పైకి వినపడేలా లెక్కపెడతాను. ఐదు అన్నాక ఒక్క క్షణం ఆగి, తలుపు వైపు చూస్తాను.