ముర్మురాలు, మడవ నీళ్ళు

"అక్కా, ఇగ ముర్మురాలు బంద్ అంట," అంటూ మా చెల్లెలు డాక్టరు గదిలోంచి బయటికి వచ్చింది. అది సోమవారం, పదకొండు దాటి పది నిమిషాలు. ఖమ్మంలో ఎముకల దవాఖానా. మా చీటీ నంబరు పద్దెనిమిది. గదిలోకి రోగిని ఒక్కరినే పంపుతారు కాబట్టి లోపల ఏం మాట్లాడారో నేను వినలేదు.

చెల్లెలికి అరవై ఎనిమిది, నాకంటే నాలుగేళ్ళు చిన్న. జూలూరుపాడు దగ్గర ఊళ్ళో ఉంటుంది. ఇంటి వెనక ఎకరన్నర వరి, దాని అవతల అడవి. కుడి మోకాలు అరిగిపోయి పొలం గట్టు ఎక్కక అప్పటికి పద్నాలుగు నెలలు. వరండాలో కుర్చీ వేసుకుని పొలాన్ని చూస్తూ కూర్చునేది. మోకాలు మార్చే ఆపరేషన్ నిరుడంతా వద్దని, చివరికి తనే ఒప్పుకుంది. ఆపరేషన్‌కు ముందు గుండె ఎట్లా ఉందో చూడాలన్నారు. అందుకే వచ్చాం.

"ముర్మురాలకూ మోకాలికీ ఏం సంబంధం?" అన్నాను.

"నాకేం ఎరుక? డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టి ఇన్నది. నర్సమ్మతోని ముర్మురు, ముర్మురు అని రెండుసార్లన్నది. నేను రోజూ పొద్దుమీకి తింటనని ఆమెకెట్ల తెలిసిందో!"

చీటీలో ఎకో తీయించుకుని వచ్చే వారం శుక్రవారం రమ్మని ఉంది. ఎకో అనేది గుండె పరీక్ష అని నాకు తెలుసు. దాని పైన రాసిన ఇంగ్లీషు మాట మాత్రం చదవరాలేదు. ఆ మాటను ఉన్నది ఉన్నట్టు నా నోటుబుక్కులో దించుకున్నాను. చెల్లెలు ఒంటిగంట బస్సుకు ఊరికి పోయింది.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పాను. తేలని దాన్ని వదలడం అలవాటు లేదు. గురువారం సాయంత్రానికి ఆరు అక్షరాలూ విడివడ్డాయి. మొదటి మూడే మళ్ళీ వచ్చాయి. మర్మర్. నిఘంటువు తీశాను. పేజీలో చివరి మాట అది. అర్థం: గొణుగుడు, సణుగుడు. పక్కనే వాడుక కూడా ఇచ్చారు. ఫలానా ఆమె మర్మర్ లేకుండా పని చేసిందంటే సణగకుండా చేసిందని. బాగా అర్థమైందనుకుని నిఘంటువు మూసేశాను.

శుక్రవారం పొద్దున ఏడింటికి ఫోన్ చేశాను. "ముర్మురాలు కాదు, చెల్లె. నీ గుండె గొణుగుతోందట."

"ఏమని?" అంది.

"అది రాయలేదు."

"నలభై ఏండ్లు నేను గొణగలే అక్కా. ఇంట్ల ఎవరేమన్నా గొణగలే. ఇప్పుడు ఇది మొదలుపెట్టిందా?" అని ఫోన్ పెట్టేసింది.

మంగళవారం తనే ఫోన్ చేసింది. ఎకోకు రానంది, ఆపరేషన్ కూడా వద్దంది. "గుండెనే ఒద్దంటుంటే నేను మోకాలు కోపిచ్చుకుంటనా? కుర్చీ ఉన్నది, సాలు." వరస కట్టి నాలుగు కారణాలు చెప్పాను. అవ్, అవ్ అంటూనే విన్నది, మనసు మార్చుకోలేదు.

గురువారం నేనే బస్సెక్కి పోయాను. ఆమె వరండాలోనే ఉంది, ఒక చెయ్యి రవిక మీద పెట్టుకుని. అన్నం మూడు ముద్దల కంటే ఎక్కువ తినలేదు. "ఆ గొణుగుడేందో డాక్టరమ్మనే అడుగుదాం, పా," అన్నాను. దానికి మాత్రం ఒప్పుకుంది.

శుక్రవారం ఎకో తీశాక డాక్టరమ్మ నన్ను కూడా లోపలికి రానిచ్చింది. చెల్లెలు కూర్చోకముందే అడిగింది. "మేడం, అది ఏమని గొణుగుతుంది?"

డాక్టరమ్మ నా వైపు చూసింది. నిఘంటువు సంగతి చెప్పాను. ఆమె నవ్వు ఆపుకుంది. "అది మనుషుల గొణుగుడు, పెద్దమ్మా. మేం దాన్ని ఉత్త చప్పుడుకు వాడుతం. మీకు పొలం ఉన్నదా?"

"ఎకరన్నర."

"గట్టుకు కొట్టిన మడవ సగం మూస్తే నీళ్ళు ఎట్ల పోతయి?"

"సుయ్‌మని సప్పుడు చేసుకుంట పోతయి."

"గుండెల కూడా నెత్తురుకు మడవలుంటయి. మీది ఒకటి వయసుకు కొంచెం గట్టిపడ్డది. సందులకెల్లి పోయేటప్పుడు ఆ సప్పుడు. ఎకోల చూసినం, ఆపరేషన్‌కు అడ్డం కాదు."

చెల్లెలు ఆలోచించింది. "అయితే ఓ మట్టిపెడ్డ ఏస్తే అయిపోయె గదా."

"ఇప్పుడు అవసరం లేదు. ఏడాదికోసారి చూపించుకోండి."

"మరి ముర్మురాలు?"

"ముర్మురాలేంది?" అంది డాక్టరమ్మ. ఈసారి నవ్వు ఆగలేదు.

నన్ను కూడా వినమని గొట్టం చేతికిచ్చింది. ఇరవై కొట్టుళ్ళు లెక్కపెట్టాను. ప్రతి రెంటి మధ్యా సన్నగా, గుడ్డ మీద గుడ్డ లాగినట్టు వినిపించింది. అందులో ఫిర్యాదేమీ లేదు. చెల్లెలు చెయ్యి రవిక మీంచి తీసి, ఆపరేషన్‌కు తేదీ అడిగింది.

ఇంటికి వచ్చి నిఘంటువు మళ్ళీ తీశాను. పేజీ తిప్పితే మొదటి వరుసలోనే ఉంది: నీళ్ళు పారే మెల్లని చప్పుడు. ఆ కిందే, గుండెలో వినిపించే చప్పుడు. వాళ్ళు అంతా రాశారు. నేనే పేజీ తిప్పలేదు. లెక్కల జవాబు పత్రాల్లో ఇటువంటి దానికి నేను మార్కులు ఇచ్చేదాన్ని కాదు.

ఆపరేషన్ అయిన యాభై ఎనిమిదో రోజు చెల్లెలు చేతికర్రతో పొలానికి నడిచింది. నేను పక్కనే ఉన్నాను. వెనక గుమ్మం నుంచి మడవ దాకా నూట నలభై మూడు అడుగులు. దారిలో రెండుసార్లు ఆగింది. మడవ సగం తెరిచి ఉంది. బాగున్న కాలితో నిలబడి చెవి అటు పెట్టింది.

"ఇదేనా?"

"ఇదే."

"గింత సప్పుడుకు నన్ను పన్నెండు రోజులు ఏడిపిస్తివి గదనే అక్కా."

"పన్నెండు కాదు. నావి ఎనిమిదే," అన్నాను. "మొదటి నాలుగూ ముర్మురాలవి."