ఫోను లెక్కలో మా అత్తగారు మితభాషి

మా అత్తగారు మొన్న శుక్రవారం దీపం పెట్టే వేళకు స్వామి దగ్గరికి వెళ్ళిపోయారు. కాఫీలో చక్కెర తగ్గించావని నన్ను కోప్పడి, గోడ వైపు తిరిగి పడుకున్నారు. అంతే. ఆవిడ చప్పుడు లేకుండా చేసిన పని అదొక్కటే.

చిక్కపేటలో మాది చీరల అంగడి. కొత్త రకం వస్తే చాలు, ఆవిడ చీర అంచు తడిపి తెల్లగుడ్డతో రుద్దేవారు. ఆరాక మళ్ళీ తడిపేవారు. "రంగు ఒగసారి నిలిస్తే చాలదు, రెండో తూరీ నిలవాల" అనేవారు.

పోయిన ఏడాది మా అమ్మాయికి మారతహళ్ళి సంబంధం వచ్చింది. జాతకాలు కలిశాయి, పిల్లలు ఇష్టపడ్డారు. తీరా పెళ్ళి మాటలకు వచ్చిన రోజు అబ్బాయి తల వంచుకుని, తామిద్దరూ ఫోనులో స్వభావ పరీక్ష చేసుకుంటే పొసగదని వచ్చిందన్నాడు. మా అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను మనసులో వెంకటేశ్వరస్వామిని తలుచుకుంటూ కేసరిబాత్ వడ్డించాను.

"అది సైంటిఫిక్ అవ్వా" అన్నాడు అబ్బాయి, మా అత్తగారి వైపు తిరిగి.

"అట్లనా అప్పా? నాకూ పెట్టు, చూస్తాం."

"నలుగురిలో ఎక్కువ మాట్లాడతారా?" అని చదివాడు.

"నేనెక్కడ మాట్లాడతా!" అంటూనే అత్తగారు కిటికీలోంచి పూలామెను కేకేశారు. "ఏమే, మూర పొట్టిదైతా ఉండాదే, చెయ్యేమన్నా అరిగిందా?"

"కోపం తొందరగా వస్తుందా?"

"ఎవురు చెప్పింది నీకు? వాణ్ణి పిలువు ఇక్కడికి!"

ఫలితం వచ్చింది: మితభాషి, శాంతస్వభావురాలు. మా ఆయనకు పొలమారింది. అబ్బాయి నవ్వాపుకోలేకపోయాడు. అత్తగారు మాత్రం గంభీరంగా తలూపి, "సరింగానే చెప్పింది. ఇప్పుడు నీది ఇంగోసారి తడుపప్పా" అన్నారు.

మళ్ళీ చేశాడు. ఈసారి ఇద్దరికీ బ్రహ్మాండంగా పొసగుతుందని వచ్చింది! అబ్బాయి తెల్లబోయాడు. "ఫస్ట్ టైమ్ చేసిన రోజు మా బాస్ బాగా తిట్టాడు అవ్వా..."

"అయితే అది నీ సంగతి కాదు, ఆ దినం సంగతి చెప్పింది. ఈ రెండోదీ నమ్మొద్దు. పిల్ల ఎదురుగా ఉండాది, దాన్ని చూసి చెప్పు."

అబ్బాయి చూశాడు. ఇప్పుడతను మా అల్లుడు.

ఈ రోజు పొద్దున అత్తగారి పటానికి పూలు కావాలని పిలిచాను. పూలామె మూర కొలిచి, అలవాటుగా కిటికీ వైపు చూసి ఆగింది. ఆమె చెయ్యి బాగా చాపి, మళ్ళీ మొదటినుంచి కొలిచింది.